మోటారు టైరు, చక్రాల అమరిక : చరిత్రలో ఒక ఆలస్యపు కలయిక

కారుకు టైర్లు అరిగిపోయినప్పుడు యజమాని దుకాణానికి వెళ్ళి అడిగే మొదటి ప్రశ్న "టైరు ఒక్కింటికి ఎంత?" అన్నది. దుకాణదారు ధర చెప్పి, వెంటనే "అలైన్‌మెంటు కూడా చేయించండి" అంటాడు. ఈ రెండవ మాటను చాలామంది బిల్లు పెంచడానికి వేసిన ఎత్తుగా భావిస్తారు. కొత్త టైర్లు వేయించుకొని, అలైన్‌మెంటు మానుకొని, ఆ కాస్త సొమ్ము మిగిలిందని సంతోషించేవారు లేకపోలేదు. అట్లు మిగిలిన సొమ్ము రోడ్డుపాలు అవుతుంది. ఇది అలంకారం కాదు, అక్షరాలా నిజం. టైరు నుండి రబ్బరు పొడిగా రాలి రోడ్డుమీద పడుతుంది.

టైరు, చక్రాల అమరిక అనే ఈ రెండు విషయాలు వేర్వేరు దారుల్లో పెరిగి, చాలా ఆలస్యంగా కలుసుకున్నాయి. వీటిలో వయస్సున పెద్దది అమరికే. గాలి టైరు పుట్టడానికి సుమారు 30 సంవత్సరాలకు ముందే అది కాగితం మీద ఉన్నది.

అసలు టైరు అన్న మాట రబ్బరుది కాదు. చెక్కచక్రం చుట్టూ బిగించే ఇనుప పట్టాకే ఇంగ్లీషులో ఆ పేరు మొదట ఉండేది. మన ఎద్దుబండి చక్రానికి కమ్మరి పట్టా వేసే విధానం భౌతికశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ తెలిసినదే. పట్టాను ఎర్రగా కాల్చి, వ్యాకోచించిన స్థితిలో చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తే అది సంకోచించి చెక్కను బిగించి పట్టుకొంటుంది. ఆ పట్టా ఏండ్ల తరబడి మన్నుతుంది. చక్రం కొంచెం వంకరగా నడిచినా ఇనుముకు వచ్చే నష్టం స్వల్పం. కనుకనే చక్రం ఏ కోణంలో నిలబడాలన్న ప్రశ్న శతాబ్దాల తరబడి పెద్దగా ఎవరినీ బాధించలేదు.

బాధించినది మరొకటి, మలుపు. నాలుగు చక్రాల గుర్రపుబండికి ముందు ఇరుసు మొత్తం నడుమ ఉన్న ఒక్క మేకుమీద తిరిగేది. మలుపు గట్టిగా తిప్పితే ముందు రెండు చక్రాలూ ఇంచుమించు ఒకదాని వెనుక ఒకటి వచ్చి, బండికి ఆధారం ఇరుకై, బండి ఒరిగిపోయేది. మ్యూనిక్ నగరంలో బండ్లు తయారుచేసే గెయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ 1817 ప్రాంతంలో దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇరుసును కదలనివ్వక, దాని రెండు కొనలలో ఒక్కొక్క చక్రాన్ని దాని సొంత మేకుమీద తిప్పటమే ఆ ఉపాయం. ఇంగ్లండులో ఆయన తరఫున 1818లో పేటెంటు తీసుకొన్నవాడు రుడాల్ఫ్ ఆకర్‌మన్. ఈయన లండనులో పుస్తకాలు, చిత్రాలు ప్రచురించే వ్యాపారి. నేటికీ ప్రపంచమంతటా ఆ సూత్రాన్ని ఆకర్‌మన్ స్టీరింగు అనే పిలుస్తున్నారు. కనిపెట్టినవాడి పేరు పోయి దరఖాస్తు పెట్టినవాడి పేరు మిగలటం శాస్త్రచరిత్రలో అరుదేమీ కాదు.

ఈ సూత్రం పదవ తరగతి త్రికోణమితికి లొంగేదే. బండి మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాలూ ఒకే కేంద్రం చుట్టూ వృత్తాలు గీయాలి. ఆ కేంద్రం వెనుక ఇరుసు రేఖను పొడిగిస్తే దానిమీద ఉంటుంది. లోపలి చక్రం చిన్న వృత్తాన్ని, బయటి చక్రం పెద్ద వృత్తాన్ని గీస్తాయి కనుక లోపలి చక్రం ఎక్కువగా తిరగాలి. బయటి కోణపు కోటాంజెంటు నుండి లోపలి కోణపు కోటాంజెంటును తీసివేస్తే, రెండు మేకుల మధ్య దూరాన్ని ఇరుసుల మధ్య దూరంతో భాగించిన విలువ రావాలి. మేకుల మధ్య 1.4 మీటర్లు, ఇరుసుల మధ్య 2.5 మీటర్లు ఉన్న కారులో లోపలి చక్రం 30 డిగ్రీలు తిరిగితే బయటిది సుమారు 23½ డిగ్రీలే తిరగాలి. రెండూ 30 డిగ్రీలు తిరిగితే వాటిలో ఒకటి దొర్లక ఈడ్వబడుతుంది.

ఇంత చక్కని ఆలోచనను గుర్రపుబండ్ల వారు ఆదరించలేదు. యంత్రశక్తితో నడిచే బండ్లు వచ్చినప్పుడే దానికి గిరాకీ కలిగింది. ఫ్రాన్సులో అమెదే బొలే 1873లో తన ఆవిరి బండికి ముందు చక్రాలను విడివిడిగా తిప్పే ఏర్పాటు చేశాడు. 1878లో షార్ల్ జాంతో ఆ చక్రాలను కలిపే కడ్డీల పొందికను మెరుగుపరచాడు. కార్ల్ బెంజ్ 1885లో నిర్మించిన మొదటి మోటారుబండికి మూడే చక్రాలు ఉండటానికి కారణం ఈ చిక్కే. ముందు రెండు చక్రాలను సరిగా తిప్పే మార్గం ఆయనకు అప్పటికి తృప్తికరంగా దొరకలేదు. 1893లో దానికి పేటెంటు తీసుకొన్న తర్వాతనే ఆయన నాలుగు చక్రాల కారు బయటికి వచ్చింది.

ఇక రబ్బరు కథ. గాలి టైరును డన్‌లప్ కనిపెట్టాడని పాఠ్యపుస్తకాలలో సాధారణంగా ఉంటుంది. ఇది పూర్తి నిజం కాదు. స్కాట్లండులోని స్టోన్‌హేవెన్‌లో 1822లో పుట్టిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845 డిసెంబరులో, 23వ ఏట, గాలి నింపిన చక్రానికి పేటెంటు తీసుకొన్నాడు. రబ్బరు పూసిన గుడ్డతో చేసిన గొట్టంలో గాలి నింపి, దానిపై తోలు తొడిగి, చక్రానికి బిగించాడు. 1847లో లండనులోని రీజెంట్స్ పార్కులో ఆ బండ్లను నడిపి చూపాడు. ఒక జత చక్రాలు 1,200 మైళ్ళు నడిచాయి. అయినా అది అమ్ముడుపోలేదు. రబ్బరు ప్రియం. పైగా గుర్రం నడిచే వేగానికి అంత మెత్తదనం అవసరమని ఎవరికీ తోచలేదు. థామ్సన్ తర్వాత గట్టి రబ్బరు పట్టాలు వేసిన ఆవిరి బండ్లు కట్టాడు. వాటిలో కొన్నింటిని 1870 తర్వాత క్రాంప్టన్ అనే యువ సైనికాధికారి మనదేశానికి తెప్పించి పంజాబు రోడ్లపై నడిపాడు.

థామ్సన్ పని మరుగునపడిన తర్వాత 1887 చివర బెల్‌ఫాస్టులో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించదలచి అదే ఊహను మళ్ళీ తానుగా పట్టుకొన్నాడు. ఆయన పరీక్ష ఎంతో సులభమైనది. ఒక చెక్క బిళ్ళ చుట్టూ పలుచని రబ్బరు గొట్టం చుట్టి గాలి నింపి, దానిని, సైకిలు చక్రాన్ని పెరట్లో దొర్లించాడు. గట్టి రబ్బరు చక్రం నడిమిలోనే పడిపోయింది. గాలి బిళ్ళ పెరటి చివరిదాకా పోయి తలుపుకు కొట్టుకొని వెనక్కి వచ్చింది. 1888లో పేటెంటు వచ్చింది. 1890లో థామ్సన్ పాత పేటెంటు బయటపడటంతో అది చెల్లకుండా పోయింది. అయితే సైకిలు అప్పటికే ప్రజలలోకి వచ్చి ఉన్నది కనుక ఈసారి గాలి టైరు నిలిచింది.

డన్‌లప్ టైరును చక్రానికి జిగురుతో అంటించేవారు. పంక్చరు అయితే దానిని ఊడదీసి, బాగుచేసి, అంటించి, ఆరబెట్టాలి. 1889లో ఫ్రాన్సులోని క్లెర్మాం-ఫెరాలో మిషెలిన్ సోదరుల కర్మాగారానికి ఒక సైకిలు యాత్రికుడు ఇట్టి టైరుతోనే వచ్చాడు. బాగుచేయటానికి గంటలు పట్టింది, జిగురు ఆరటానికి ఒక రాత్రి పట్టింది. ఆ అనుభవం ఫలితమే 1891లో వచ్చిన ఊడదీయగల టైరు. ధరల చరిత్రలో ఈ సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి. చక్రం నుండి టైరు విడివడిన తరువాతనే "మార్పిడి టైరు" అనే ప్రత్యేక సరుకు, దానికి ప్రత్యేక ధర ఏర్పడ్డాయి. 1895లో ఆ సోదరులే పారిస్-బోర్డో పందెంలో గాలి టైర్లు వేసిన కారును నడిపారు. మాటిమాటికి ట్యూబులు మార్చుకొంటూ వచ్చారు. పందెం గెలవలేదు కాని, కారు గాలిమీద నడవగలదని లోకానికి తెలిసింది.

ఆ కాలపు టైర్లు కొన్ని వేల మైళ్ళకే పాడయ్యేవి. కారు ఉన్నవారికి పెట్రోలు ఖర్చుకన్నా టైర్ల ఖర్చే ఎక్కువగా ఉండేది. 1910లో లండను బజారులో ముడి రబ్బరు ధర పౌనుకు 12 షిల్లింగులు దాటింది. మలయా, సింహళం తోటల రబ్బరు విరివిగా వచ్చిన తర్వాత ధర పడిపోయింది. పడిన ధరను నిలబెట్టటానికి బ్రిటిషు ప్రభుత్వం 1922 నుండి 1928 వరకు ఎగుమతులపై ఆంక్షలు విధించి, అమెరికా టైరు వ్యాపారులకు కోపం తెప్పించింది. టైరు ధర వెనుక ఇట్టి రాజకీయం ఎప్పుడూ కొంత ఉంటుంది. రసాయనశాస్త్రం దానికన్నా ఎక్కువ మేలు చేసింది. తొలినాటి టైర్లు తెల్లగానో, బూడిదరంగుగానో ఉండేవి. 1904లో లండను దగ్గర సిల్వర్‌టౌన్ కర్మాగారంలో ఎస్. సి. మోట్ రబ్బరులో కార్బన్ బ్లాక్, అనగా కాటుక జాతికి చెందిన మెత్తని మసి, కలిపితే అది ఎంతో బలపడుతుందని గుర్తించాడు. నేల తాకే భాగం మన్నిక దీనితో అనేక రెట్లు పెరిగింది. నేటి టైరు నలుపు రంగు అలంకారం కోసం వచ్చింది కాదు.

టైరు ఇట్లు ఖరీదైన, మెత్తని వస్తువైన తర్వాత ఇనుప పట్టా క్షమించిన తప్పులన్నీ కంటికి కనబడసాగాయి. చక్రాల అమరికకు, టైరుకు సంబంధం కుదిరినది ఇక్కడనే.

అమరికలో ప్రధానమైన కోణాలు మూడు. కారు ముందు నిలబడి చూస్తే చక్రం నిట్టనిలువుగా కాక పైభాగం బయటికో లోపలికో వాలి ఉండటం కేంబర్. పైనుండి చూస్తే రెండు చక్రాల ముందు అంచులు, నడిచే మనిషి పాదాల బొటనవేళ్ళవలె, లోపలికి మొగ్గి ఉంటే టో-ఇన్, బయటికి మొగ్గి ఉంటే టో-అవుట్. చక్రం తిరిగే మేకు పక్కనుండి చూస్తే వెనుకకు వాలి ఉండటం కేస్టర్. సైకిలు ముందు ఫోర్కు వాలులో ఈ మూడవదానిని చూడవచ్చు. చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవటానికి అది తోడ్పడుతుంది. కేస్టర్ తప్పితే కారు ఒక పక్కకు లాగవచ్చు గాని టైరు పెద్దగా అరగదు. టైరును తినేవి మొదటి రెండు.

వీటికి పరస్పర సంబంధం ఉన్నది. తొలినాటి కార్లలో చక్రాల పైభాగాన్ని బయటికి వాల్చేవారు. వాలిన చక్రం శంకువు ముక్కవలె ప్రవర్తిస్తుంది. మూతి వెడల్పుగా, అడుగు సన్నగా ఉన్న గ్లాసును నేలమీద దొర్లిస్తే అది తిన్నగా పోక, సన్నని వైపుకు గుండ్రంగా తిరుగుతుంది. తరగతిలో ఒక్క నిమిషంలో చూపదగిన ప్రయోగం ఇది. బయటికి వాలిన రెండు చక్రాలూ ఇట్లే చెరొక వైపుకు పోదామని చూస్తాయి. వాటిని తిన్నగా నడిపించటానికి కొద్దిపాటి టో-ఇన్ ఇచ్చేవారు. అనగా ఒక కోణపు దోషాన్ని మరొక కోణంతో సరిదిద్దేవారు. ఈ సర్దుబాటు సరిగా లేకపోతే ఏమవుతుందో లెక్క వేయవచ్చు. ఒక చక్రం తాను పోవలసిన దిశకు అర డిగ్రీ పక్కకు తిరిగి ఉన్నదనుకొందాం. అర డిగ్రీ సైను 0.0087. కారు ఒక కిలోమీటరు పోయేసరికి ఆ చక్రం 8.7 మీటర్లు అడ్డంగా పోవాలని చూస్తుంది. కారు దానిని పోనివ్వదు. ఆ తేడాలో కొంత టైరు వంగి సర్దుకొంటుంది, మిగిలినది నేలకు రాపిడి అవుతుంది. 600 మిల్లీమీటర్ల చక్రంపై అర డిగ్రీ అంటే ముందు అంచుకు, వెనుక అంచుకు తేడా 5 మిల్లీమీటర్లు మాత్రమే. కంటితో చూసి కనిపెట్టటం కష్టం. ఒక్క గుంతలో గట్టిగా పడితే కడ్డీ వంగి ఇంత తేడా రావచ్చు.

పూర్వం వర్క్‌షాపులలో దీనిని కొలవటానికి సుద్దముక్క, సూది, పొడవైన కడ్డీ చాలేవి. చక్రాన్ని లేపి తిప్పుతూ టైరుమీద సన్నని గీత గీసి, కారును దింపి, రెండు గీతల మధ్య దూరాన్ని ముందు ఒకసారి, వెనుక ఒకసారి కొలిచేవారు. ఆ తేడాయే టో. తర్వాత దర్పణాలు, కాంతిరేఖలు, 1990ల మధ్య నుండి కెమెరాలు వచ్చాయి. కొలిచేది మాత్రం ఆ కోణాన్నే. ముందు చక్రాలతోపాటు వెనుక చక్రాలను కూడా సరిచూడటం, వెనుక చక్రాలు విడివిడిగా ఊగే కార్లు వ్యాపించిన తర్వాత అవసరమైంది. వీల్ బ్యాలెన్సింగు దీనికి భిన్నమైనది. చక్రం చుట్టూ బరువు సమంగా లేనిచోట సీసపు లేక ఇనుప ముక్క అతికించటమే అది. వేగంలో స్టీరింగు వణకటానికి మందు అదే, అలైన్‌మెంటు కాదు.

టైరు లోపలి నిర్మాణంలో కూడా ఇంతకాలం ఒక లోపం దాగి ఉన్నది. మొదట రబ్బరు లోపల నేసిన నూలుగుడ్డ వేసేవారు. పడుగు, పేక ఒకదానినొకటి ఒరుసుకొని వేడెక్కి తెగేవి. తర్వాత ఒకే దిశలో పరచిన తాళ్ళ పొరలను ఏటవాలుగా ఒకదానిమీద ఒకటి వేశారు. ఇది నులక మంచం అల్లికవంటిది. ఒక మూల నొక్కితే మంచమంతా సాగినట్లు, టైరు పక్కభాగం వంగినప్పుడెల్లా నేల తాకే భాగం కూడా మెలికలు తిరిగేది. మిషెలిన్ సంస్థలో అచ్చు విభాగంలో పని ప్రారంభించిన మారియస్ మిన్యోల్ ఈ వేడి ఎక్కడ పుడుతున్నదో తెలుసుకోవటానికి పక్కలలో రబ్బరు పొరలకు బదులు దూరదూరంగా ఉక్కు తీగలు మాత్రమే వేసి ఒక వింత టైరు తయారుచేశాడు. దానికి ఈగల బోను అని పేరు పెట్టారు. తీగలు ఒక అంచు నుండి మరొక అంచుకు నిలువుగా, గొడుగు ఊచలవలె నడిచాయి. వాటిపై నేల తాకేచోట ఉక్కు పట్టీ చుట్టితే పక్కలు స్వేచ్ఛగా వంగుతాయి, అడుగు మాత్రం చదునుగా నిలుస్తుంది. 1946 జూన్ 4న దీనికి పేటెంటు కోరారు. 1949లో అది మిషెలిన్ ఎక్స్ అనే పేరుతో బజారుకు వచ్చింది. రేడియల్ టైరు ఇదే.

అమెరికా కంపెనీలు దీనిని చాలాకాలం దూరంగా ఉంచాయి. పాత యంత్రాలపై దీనిని చేయటం కుదరదు. రెట్టింపు కాలం మన్నే సరుకు అమ్మితే అమ్మకాలు సగమవుతాయన్న భయం కూడా ఉండి ఉండాలి. 1968లో అక్కడి కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక రేడియల్ మేలని ప్రకటించింది. 1973 చమురు సంక్షోభం మిగిలిన పని చేసింది. మనదేశంలో మొదటి టైరు కర్మాగారాన్ని డన్‌లప్ కంపెనీ 1936లో బెంగాలులోని సాహగంజ్‌లో ప్రారంభించింది. ఎద్దుబండికి కూడా గాలి టైర్లు వచ్చి, తెలుగునాట "టైరు బండి" అన్న మాట స్థిరపడింది. రేడియల్ టైర్ల తయారీ ఇక్కడ 1970ల చివర మొదలైంది. నేడు కార్లకు ఇంచుమించు అన్నీ రేడియల్ టైర్లే.

టైరు పక్కన ఉండే గుర్తులు ఈ చరిత్రనంతా మోస్తూ ఉంటాయి. అంబాసిడర్ కారుకు 5.90-15 అనే టైరు ఉండేది. వెడల్పు, చట్రపు వ్యాసం రెండూ అంగుళాలలోనే. నేటి 185/65 ఆర్ 15 88 హెచ్ అనే గుర్తులో 185 వెడల్పు మిల్లీమీటర్లలో, 65 ఎత్తు వెడల్పులో నూటికి ఎంతో, ఆర్ రేడియల్, 15 మాత్రం ఇంకా అంగుళాలే. 88 అంటే 560 కిలోల బరువు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వరకు తట్టుకోగలదని అర్థం. ఈ టైరు వ్యాసం 621.5 మిల్లీమీటర్లు వస్తుంది. దాని స్థానంలో 195/65 వేస్తే 634.5 అవుతుంది. వేగమాపకం అప్పటినుండి నూటికి 2 వంతులు తక్కువ చూపుతుంది. దుకాణంలో ఉన్న సైజునే అంటగట్టబోతే ఈ చిన్న లెక్క ఉపయోగపడుతుంది. నాలుగంకెల తేదీ గుర్తును కూడా చూడాలి. 2324 అని ఉంటే అది 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఏండ్ల తరబడి గోదాములో ఉన్న రబ్బరు నడవకుండానే గట్టిపడుతుంది. దానికి కొత్త ధర ఇవ్వనక్కరలేదు.

ఇప్పుడు ధర సంగతి. లెక్క కోసం కొన్ని అంకెలు వేసుకొందాం. ఒక టైరు 4,000 రూపాయలు, 30,000 కిలోమీటర్లు నడుస్తుంది. మరొకటి 5,500 రూపాయలు, 50,000 కిలోమీటర్లు నడుస్తుంది. మొదటిదానికి కిలోమీటరుకు 13 పైసలకు పైగా, రెండవదానికి 11 పైసలు. ప్రియమైనదే చౌక. కాని టో తప్పి రెండవది 25,000 కిలోమీటర్లకే అరిగితే కిలోమీటరుకు 22 పైసలు పడుతుంది. మంచి టైరును ఎన్నుకోవటంలో పడిన శ్రమ అంతా వృథా. మన్నిక ఒక్కటే గుణమని కూడా అనుకోరాదు. గట్టి రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది గాని తడి రోడ్డుమీద పట్టు తగ్గవచ్చు. 1990ల ఆరంభంలో మసికి బదులు చాలామటుకు సిలికా కలిపి ఈ చిక్కును కొంత విప్పారు. మనదేశంలో 2022 అక్టోబరు నుండి కొత్త నమూనా టైర్లకు తడి నేలపై పట్టు, దొర్లుటలో నిరోధం, శబ్దం ఈ మూడింటికీ ప్రమాణాలు విధించారు.

కొన్ని టైర్ల పక్కన ట్రెడ్‌వేర్ అని 300, 400 వంటి సంఖ్య ఉంటుంది. అమెరికా ప్రభుత్వం ఏర్పరచిన పరీక్షలో వచ్చే సంఖ్య అది. ప్రమాణపు టైరుకు 100 అనుకొని, దానితో పోల్చి ఇస్తారు. ఆ పరీక్షలో టెక్సస్ రాష్ట్రంలో 400 మైళ్ళ దారిమీద కార్లను గుంపుగా, మొత్తం 7,200 మైళ్ళు నడుపుతారు. ప్రతి 800 మైళ్ళకూ ఆపి, అరుగుదల కొలిచి, టైర్ల స్థానాలు మార్చి, చక్రాల అమరికను సరిచేస్తారు. సంఖ్యను నమ్మి టైరు కొనే యజమాని ఈ చివరి మాటను మరువరాదు.

పాత టైరును పారవేసే ముందు దానిని పరీక్షగా చూడటం మంచిది. రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువైనది. నడుమ అరిగితే గాలి ఎక్కువైనది. ఒక్క అంచే అరిగితే కేంబర్‌ను అనుమానించాలి. అరచేతితో అడ్డంగా నిమిరినప్పుడు ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపపు పళ్ళవలె తగిలితే టో తప్పినట్లు. అక్కడక్కడ గుంటలుగా అరిగితే షాక్ అబ్సార్బరునో బ్యాలెన్సునో చూపించాలి. వదులైన కీళ్ళను ముందు బాగుచేయించి, తర్వాతనే అలైన్‌మెంటు చేయించాలి. లేకపోతే కుదిర్చిన కోణం దారిలోనే చెదురుతుంది. నాలుగు టైర్లూ ఒకేసారి కొనే స్తోమత లేక రెండే కొంటే వాటిని వెనుక చక్రాలకు వేయమని తయారీదారులు చెబుతారు. తడి రోడ్డుమీద ముందు చక్రాలు జారితే డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది, వేగం తగ్గించి సర్దుకోవచ్చు. వెనుక చక్రాలు జారితే కారు గిర్రున తిరుగుతుంది.